పద్నాలుగేళ్లకే నడుము బిగిసిందా?

‘కొల్లాపూర్ కుస్తీ’ అని నెట్‌లో వెతికితే మన నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ కంటే మహారాష్ట్రలోని కొల్హాపూరే ముందొస్తుంది. రావాల్సిందే లెండి. శాహూ మహారాజ్ ఖాస్‌బాగ్ కుస్తీ మైదానం కట్టించిన ఊరు అది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చిన ఖాశాబా జాదవ్ కాలేజీలో చదివిందీ అక్కడే. అయితే కుస్తీ పట్టే పిల్లల ఒళ్లు ఎదిగే తీరు మాత్రం ఆ ఊళ్లో అయినా, మన ఊళ్లో అయినా ఒకటే.

పన్నెండేళ్లప్పుడు వెనక్కి వాలి ఈజీగా బ్రిడ్జ్ వేసిన పిల్లాడు, పద్నాలుగొచ్చేసరికి కర్రలా బిగుసుకుపోతాడు. ‘బద్ధకం’ అంటాడు ఉస్తాద్. ‘ఎప్పుడూ ఆ ఫోనేనాయె’ అంటుంది అమ్మ. పాపం, వాడి తప్పేం లేదు.

మగపిల్లలు సాధారణంగా 13-14 ఏళ్లప్పుడు అన్నిటికంటే జోరుగా పొడుగవుతారు. ఆడపిల్లలైతే దాదాపు రెండేళ్లు ముందే. ఆ ఒక్క ఏడాదిలోనే 8 నుంచి 10 సెంటీమీటర్లు పెరిగేవాళ్లూ ఉంటారు. అందులోనూ ముందు కాళ్లు సాగుతాయి, మొండెం తర్వాత అందుకుంటుంది. కాళ్లు చాపి బొటనవేళ్లు పట్టుకోమంటే అందవు మరి! ప్రతిసారీ కండ బిగిసిందని కాదు, కాళ్లే దూరం జరిగాయి.

అసలు భయం ఇక్కడుంది. ఎదిగే ఎముకల చివర్లలో ఇంకా గట్టిపడని మృదులాస్థి ఉంటుంది. ఎముక పొడుగయ్యేది అక్కడే. పెద్దవాళ్లకు కండ పట్టేసి ఊరుకునే దెబ్బ, పిల్లల్లో ఆ మెత్తటి చోటుకే తగలొచ్చు. మోకాలిచిప్ప కింద బుడిపెలా లేచి నొప్పి పెట్టే ఓస్‌గుడ్-ష్లాటర్ ఈ వయసు ఆటగాళ్లలో తరచూ కనిపిస్తుంది. అలాంటి పిల్లాడి వీపు మీద ఇంకొకర్ని కూర్చోబెట్టి వంచడమేంటండీ?

పోటీల్లో అండర్-15, అండర్-17 అని వయసును బట్టి విడగొడతారు. కానీ ఇద్దరు పద్నాలుగేళ్ల వాళ్లలో ఒకడికి మీసం వచ్చేస్తే, ఇంకొకడికి ఎదుగుదల మొదలే కాకపోవచ్చు. ఇద్దరికీ ఒకే ఎక్సర్‌సైజ్ షీట్ ఇస్తే ఎలా?

ఖర్చులేని పని ఒకటుంది. మూడు నెలలకోసారి గోడ మీద ఎత్తు గీత గీయండి. గీతల మధ్య దూరం సడెన్‌గా పెరిగితే కొన్నాళ్లు మెడ బ్రిడ్జ్‌లు, బరువులు తగ్గించి పట్లు, కాలి కదలికలు నేర్పించండి. స్ట్రెచింగ్ ఒళ్లు వేడెక్కాకే, మెల్లగా. నొప్పి తగ్గకపోయినా, కుంటుతున్నా ఎముకల డాక్టరుకు చూపించాలి.

ఎదుగుదల నెమ్మదించాక, ప్రాక్టీస్ మానకుంటే, ఒళ్లు మళ్లీ మాట వింటుంది. ఈలోగా వాణ్ణి ‘పనికిరాడు’ అని ఇంటికి పంపకుండా ఉంటే చాలు.