స్మారకం ముందు శిక్షణ విమానం: రెండో సీటు వెనుక కథ

అమెరికాలోని చిన్న ఊళ్లలో ఒక దృశ్యం తరచూ కనిపిస్తుంది. మాజీ సైనికుల స్మారకం, పక్కన జెండా, పేర్లు చెక్కిన రాతి ఫలకం. వాటి ముందు ఉక్కు స్తంభం మీద ఎగురుతున్నట్లు నిలబెట్టిన వెండిరంగు జెట్ విమానం. చూసినవారు దాన్ని యుద్ధ విమానం అనుకుంటారు. చాలాచోట్ల అది యుద్ధం కోసం చేసింది కాదు, లాక్‌హీడ్ టి-33 అనే శిక్షణ విమానం. పైలట్లు దాన్ని ముద్దుగా ‘టి-బర్డ్’ అనేవారు.

పోరాడిన విమానాలు ఎన్నో ఉండగా, పాఠాలు నేర్పిన విమానానికి స్మారకంలో చోటెందుకు? ఒక కారణం సంఖ్య. అన్ని దేశాల్లో కలిపి 6,500కు పైగా టి-33లు తయారయ్యాయి. కాబట్టి రిటైరైన తరువాత ఊళ్లకు ఇవ్వడానికి అవి ఎక్కువగా దొరికాయి. రెండో కారణం తెలియాలంటే కాక్‌పిట్ వైపు చూడాలి. అక్కడ ఒకదాని వెనుక ఒకటి రెండు సీట్లు ఉంటాయి. ఆ రెండో సీటు రాకముందు కొందరి ప్రాణాలు పోయాయి.

ఒంటరిగా నేర్చుకోవాల్సిన జెట్

టి-33కి మూలం పి-80 షూటింగ్ స్టార్ అనే యుద్ధ విమానం. ఇంజనీర్ కెల్లీ జాన్సన్ బృందం 1943లో దాని తొలి నమూనాను ఐదు నెలల లోపే సిద్ధం చేసింది. అది 1944 జనవరి 8న మొదటిసారి ఎగిరింది. అందులో ఉన్నది ఒక్కటే సీటు. ప్రొపెల్లర్ విమానాలు నడిపిన పైలట్ నేల మీద పాఠం విని, ఒంటరిగా ఎక్కి జెట్‌ను నేర్చుకోవాలి. తప్పు చేస్తే సరిదిద్దేవారు పక్కన ఉండరు.

అనుభవం కూడా ప్రతిసారీ కాపాడలేదు. 1944 అక్టోబర్‌లో లాక్‌హీడ్ ముఖ్య టెస్ట్ పైలట్ మైలో బర్చమ్ నడుపుతున్న విమానంలో ఇంధన పంపు చెడిపోయి, ఆయన మరణించారు. ఆ తరువాత విమానంలో విద్యుత్తుతో నడిచే అదనపు పంపును అమర్చారు. 1945 ఆగస్టు 6న, హిరోషిమాపై అణుబాంబు పడిన రోజునే, రిచర్డ్ బాంగ్ అలాంటి ప్రమాదంలోనే చనిపోయారు. శత్రువుల 40 విమానాలను కూల్చి, ఆ లెక్కలో అమెరికా పైలట్లలో మొదటి స్థానంలో నిలిచిన వ్యక్తి ఆయన. అదనపు పంపు స్విచ్ వేయడం మరిచిపోయి ఉంటారని చెబుతారు. అలవాటు లేని యంత్రంలో ఒక్క స్విచ్ చాలు.

జెట్ ఎందుకు వేరు?

ప్రొపెల్లర్ విమానంలో థ్రాటిల్ ముందుకు తోస్తే బలం దాదాపు వెంటనే అందుతుంది. జెట్ ఇంజన్ అలా స్పందించదు. దాని లోపల కంప్రెసర్, టర్బైన్ ఒకే ఇరుసు మీద తిరుగుతాయి. ఆ బరువైన భాగాలు వేగం పుంజుకోవడానికి తొలి తరం ఇంజన్లలో కొన్ని క్షణాలు పట్టేది. ఈలోగా కంగారుపడి థ్రాటిల్‌ను ఒక్కసారిగా తోస్తే, వచ్చే గాలికి మించి ఇంధనం చేరుతుంది. ఇంజన్ మితిమీరి వేడెక్కవచ్చు, మంట ఆరిపోవచ్చు కూడా. అందుకే రన్‌వేకు దగ్గరగా, తక్కువ ఎత్తులో బలం కావాల్సి వస్తే, ఆ అవసరాన్ని పైలట్ ముందే ఊహించాలి.

దిగేటప్పుడు మరో తేడా ఉంది. థ్రాటిల్ తగ్గించినప్పుడు ప్రొపెల్లర్ గాలికి అడ్డుపడి విమానాన్ని నెమ్మదింపజేస్తుంది. జెట్‌కు ఆ బ్రేకు లేదు. నున్నని శరీరంతో అది ముందుకు జారుతూనే ఉంటుంది. ఇలాంటివి పుస్తకంలో చదివితే అర్థమవుతాయి, చేతికి మాత్రం అలవాటు కావు.

మీటరు పొడవు

లాక్‌హీడ్ ఇంజనీర్లు ఇచ్చిన జవాబు సరళమైనది. యుద్ధ విమానం శరీరాన్ని దాదాపు ఒక మీటరు పొడిగించి, వెనుక ఇంకో సీటు, ఇంకో జత నియంత్రణ పరికరాలు పెట్టారు. ఆ విమానం 1948 మార్చి 22న తొలిసారి ఎగిరింది. ఇప్పుడు విద్యార్థి చేయి తడబడితే గురువు చేయి అందుకుంటుంది. మేఘాల్లో పరికరాలను మాత్రమే చూసి నడపడం నేర్పేటప్పుడు విద్యార్థిని వెనుక సీటులో కూర్చోబెట్టి, బయటేమీ కనబడకుండా గుడ్డ కప్పేవారు. ముందు సీటులోని గురువు చుట్టూ గమనిస్తుండేవారు.

ముప్పైకి పైగా దేశాలు దీన్ని వాడాయి. బొలీవియా వైమానిక దళం తన చివరి టి-33లను 2017లో గానీ విరమింపజేయలేదు.

స్తంభం ఎక్కాక

అమెరికా స్మారకాల్లోని ఇలాంటి విమానాలు చాలావరకు అక్కడి వైమానిక దళ జాతీయ మ్యూజియం అరువుగా ఇచ్చినవి. బాగోగులు చూసుకోవాల్సింది ఊరివాళ్లే. ఇంధనాన్ని, పైలట్‌ను బయటకు విసిరే సీటులోని పేలుడు పదార్థాన్ని తొలగించాకే ప్రదర్శనకు పెడతారు.

ఆ తరువాత కొత్త శత్రువులు వస్తాయి. అల్యూమినియం మిశ్రమానికి ఉక్కు బోల్టు తగిలి, మధ్యలో వాననీరు నిలిస్తే చిన్న బ్యాటరీలాంటిది ఏర్పడి అల్యూమినియం తినుకుపోతుంది. గాలి లోపలికి వెళ్లే మార్గాల్లో పక్షులు గూళ్లు కడతాయి. ఎండకు కాక్‌పిట్ అద్దం మసకబారుతుంది. పైగా రెక్క ఆకారం మారదు కాబట్టి, పెనుగాలి వీస్తే అది ఇప్పటికీ పైకి లేవాలని చూస్తుంది. స్తంభాన్ని, పునాదిని ఆ బలాన్ని లెక్కలోకి తీసుకుని కట్టాలి.

దుండిగల్ పాఠం

మన దేశంలో ఇదే ప్రశ్నకు మరో జవాబు దొరికింది. హెచ్‌ఏఎల్ రూపొందించిన కిరణ్ జెట్ శిక్షణ విమానం 1964 సెప్టెంబర్ 4న మొదటిసారి ఎగిరింది. హైదరాబాద్ సమీపంలోని దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీలో ఎన్నో బృందాలు దాని మీద శిక్షణ పొందాయి. కిరణ్‌లో సీట్లు పక్కపక్కన ఉంటాయి. విద్యార్థి చేతులు, చూపు, ముఖంలో కంగారు గురువుకు నేరుగా కనిపిస్తాయి. టి-33లో సీట్లు ఒకదాని వెనుక ఒకటి ఉండటం వల్ల సన్నని యుద్ధ విమానం ఆకారం చెడలేదు. పద్ధతులు వేరైనా ఉద్దేశం ఒక్కటే: తప్పు చేసినవాడు బతికి, దాన్నుంచి నేర్చుకోవాలి.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైనిక వైమానిక దళం దాదాపు 15,000 మందిని శత్రువు చేతిలో కాదు, స్వదేశంలో జరిగిన విమాన ప్రమాదాల్లో పోగొట్టుకుంది. వారిలో చాలామంది శిక్షణలో ఉన్నవారే. స్మారక ఫలకాల మీద అలాంటివారి పేర్లూ ఉంటాయి. వాటి పక్కన రెండు సీట్ల విమానం నిలబడటంలో అర్థముంది. ఈసారి అలాంటి విమానం కనబడితే, ముందుగా వెనుక సీటు వైపు చూడండి.