మీకు తెలుసా? పెదవులు కలవని భాష ఒకటుంది

ప, బ, మ పలకాలంటే పెదవులు కలవాల్సిందే. ఉత్తర అమెరికాలో మోహాక్ ప్రజల సొంత మాటల్లో ఈ మూడు ధ్వనులూ లేవు. వాళ్ల పిల్లలు తల్లిని 'ఇస్తా' అని పిలుస్తారు. క్రైస్తవం వెంట వచ్చిన మేరీ అనే పేరు వాళ్ల నోట 'వరి' అయింది. 'మోహాక్' అన్న పేరు కూడా పక్క తెగలవాళ్లు పెట్టిందే. తమను తాము వాళ్లు 'గన్యెన్‌గెహాగ' అంటారు, చెకుముకిరాతి నేల జనం అని. భాష పేరు గన్యెన్‌గేహా. కెనడాలో ఒంటారియో, క్యూబెక్‌లలోనూ, అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోనూ దీన్ని మాట్లాడేవారున్నారు. ఇప్పుడు కొన్ని వేలమందే.

ఈ భాషకు దొరికిన మొట్టమొదటి పదపట్టికను రాసింది పండితుడు కాదు. క్షవరంతో పాటు కోత వైద్యమూ చేసే ఓ డచ్చి కుర్రాడు, హార్మెన్ వాన్ డెన్ బోగార్ట్. బీవర్ తోళ్ల వ్యాపారం ఎందుకు పడిపోతోందో, ఫ్రెంచివాళ్లు పోటీకి దిగారేమో ఆరా తీసి రమ్మని 1634 డిసెంబరులో అతన్ని ఇప్పటి ఆల్బనీ దగ్గరి కోట నుంచి మోహాక్ ఊళ్లకు పంపారు. మంచులో నడుస్తూ, వాళ్ల పొడుగాటి ఇళ్లలో బస చేస్తూ అతను డైరీ రాశాడు. దానికి జతగా అంకెలూ, శరీర భాగాలూ, జంతువుల పేర్లూ తన చెవికి వినపడినట్టు రాసిపెట్టాడు. ఆ కాగితాలు 1895లో ఆమ్‌స్టర్‌డామ్‌లో బయటపడ్డాయి. డచ్చి చెవి విని రాసిన ఆ రాతలను గంథర్ మైకెల్‌సన్ అనే భాషావేత్త ఓపిగ్గా విప్పి చాలా మాటలను నేటి మోహాక్‌తో జతచేశాడు. 1988లో ఆ పట్టిక డైరీ ఆంగ్లానువాదంతో కలిసి అచ్చయింది.

మోహాక్‌కు నిఘంటువు రాయడం మామూలు పని కాదు. 'సహున్వన్‌హొతూన్‌క్వహ్సె' అన్నది ఒకే ఒక్క మాట. దాని అర్థం 'ఆమె అతనికి మళ్లీ తలుపు తెరిచింది' అని. మళ్లీ, ఆమె, అతను, తలుపు, తెరవడం, ఒకరి కోసం చేయడం అన్నీ ఆ ఒక్క క్రియలోనే ఉన్నాయి. ఎవరు ఎవరికి చేశారో చెప్పే ముందు చేర్పులే 60 దాకా ఉంటాయి. ఇలాంటి మాటలను అకారాది క్రమంలో పేర్చుకుంటూ పోతే అంతుండదు. ఫ్రెంచి జెసూట్ మతగురువు జాక్ బ్రూయా 17వ శతాబ్దంలోనే ఇది గ్రహించి, మాటలకు బదులు ధాతువులను పోగుచేశాడు. ఆ గ్రంథం 1860ల్లో గానీ న్యూయార్క్‌లో అచ్చుకాలేదు. అతని ఉద్దేశం మతబోధే కావచ్చు, చేసిన పని మాత్రం గట్టిది.

టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ కూడా మోహాక్ నేర్చుకున్నాడు. 1870లో అతని కుటుంబం ఒంటారియోలోని బ్రాంట్‌ఫర్డ్‌కు వచ్చింది. పక్కనే మోహాక్‌లూ భాగమైన సిక్స్ నేషన్స్ అనే తెగల కూటమి వాళ్ల నేల. తండ్రి కనిపెట్టిన ధ్వని లిపిలో బెల్ మోహాక్ మాటలను రాసిపెట్టాడు. అందుకు వాళ్లు అతనికి గౌరవ నాయకుడి హోదా ఇచ్చారు.

అదే బ్రాంట్‌ఫర్డ్‌లో మోహాక్ ఇన్‌స్టిట్యూట్ అనే వసతి బడి 1970 దాకా నడిచింది. సొంత భాష మాట్లాడితే అక్కడ పిల్లలను శిక్షించేవారు. ఒక తరం పిల్లలు భయంతో మింగేసిన మాటలను ఏ పదపట్టికా వెనక్కి తేలేదు. అందుకే ఈ చరిత్రలో మతగురువుల కన్నా నాకు ఎక్కువ గౌరవం తర్వాతి తల్లిదండ్రుల మీద. 1978లో గాహ్నవాగే అనే మోహాక్ ఊరి వాసులు తమ సొంత హైస్కూలు పెట్టుకున్నారు. 1979లో అక్వెసాస్నే అనే మరో మోహాక్ ఊళ్లో కన్నవాళ్లే ఫ్రీడమ్ స్కూల్ తెరిచారు. కొన్నేళ్లకు అక్కడ పాఠాలన్నీ మోహాక్‌లోకి మారాయి.

పెద్దవాళ్లకూ బడి ఉంది. పాత్రికేయుడిగా పనిచేసిన బ్రయన్ మారకల్, మోహాక్ పేరు ఓవెన్నతేఖా, 1990ల చివర్లో సిక్స్ నేషన్స్‌లో దాన్ని మొదలుపెట్టాడు. అక్కడ వాక్యాలు బట్టీ పట్టించరు. ధాతువు ఇచ్చి, ముందు చేర్పులూ వెనక చేర్పులూ తగిలించి మాట కట్టడం నేర్పుతారు. బ్రూయా పట్టుకున్న దారే ఇది, కానీ ఇప్పుడు ఆ ధాతువులు ఆ భాష వారసుల చేతికే వచ్చాయి. అక్కడ చదివినవాళ్లలో కొందరు టీచర్లయ్యారు, కొందరు ఇంట్లో బిడ్డలతో మోహాక్‌లోనే మాట్లాడుతున్నారు.

ఇక రాత సంగతి. 1993లో టయెండినేగా అనే మోహాక్ ఊళ్లో వివిధ సముదాయాలవాళ్లు కూర్చుని ఒకే వర్ణక్రమం మీద ఒప్పందానికి వచ్చారు. పన్నెండు రోమన్ అక్షరాలు, దీర్ఘానికీ స్వరానికీ కొన్ని గుర్తులు చాలనుకున్నారు. ఒక్క 'య' ధ్వని దగ్గర మాత్రం కొన్ని ఊళ్లవాళ్లు ఒక అక్షరం, మిగతావాళ్లు మరో అక్షరం రాస్తారు. ఎవరి అలవాటు వాళ్లకే వదిలేశారు.