విడువగలిగినవాడే పాలకుడు

శ్రేష్ఠుడు దేనిని ఆచరిస్తాడో లోకం దానినే అనుసరిస్తుందని గీతాచార్యుని బోధ. పాలకుని విషయంలో ఇది మరింత సత్యం. మన కలిగిరి వంటి పల్లెపట్టుల సామాన్యుడు చట్టాలు చదివి ప్రభుత్వాన్ని నమ్మడు. పాలించేవాని నడవడిని చూసి నమ్ముతాడు. గర్భాలయంలోని మూర్తి అచలమే అయినా, అర్చకునిలో శుచి లోపిస్తే భక్తుడు గుడి మెట్లెక్కడానికి వెనుకాడతాడు కదా! రాజ్యాంగానికీ నాయకునికీ గల సంబంధం అటువంటిదే.

ఇందుకు తెలుగునేల అందించిన నిదర్శనం నీలం సంజీవరెడ్డి. 1913లో అనంతపురం జిల్లా ఇల్లూరులో జన్మించారు. బస్సు మార్గాల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యల దరిమిలా 1964లో ముఖ్యమంత్రి పదవిని త్యజించారు. 1967లో లోక్‌సభ స్పీకరుగా ఎన్నికైనప్పుడు, సభాపతి అందరివాడన్న భావనతో సొంత పార్టీ సభ్యత్వాన్నే వదులుకున్నారు. 1977లో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఆ గౌరవం మరెవరికీ దక్కలేదు. 1979లో లోక్‌సభను రద్దు చేసినప్పుడు ఆయనను విమర్శించినవారూ లేకపోలేదు. అయినా పదవిని పట్టుకుని వేలాడాడన్న మాట మాత్రం ఆయనకు అంటలేదు.

శ్రీరామచంద్రుడు సింహాసనం కంటే తండ్రి మాటను మిన్నగా ఎంచాడు. అందుకే అయోధ్యావాసులు అడవి దారిలో ఆయనను వెంబడించారు. విడువగలిగినవాని చేతికే ప్రజలు అధికారాన్ని నిశ్చింతగా అప్పగిస్తారు. కనుక ఓటు వేసే ముందు, అభ్యర్థి మనకేమి ఇస్తాడని కాక, ధర్మం కోసం ఏమి విడువగలడని విచారించడం ప్రతి గృహస్థుని విధి.