కరెంటు పోయిన పూట పాల లెక్క

గాలివానల రోజులలో సరిగ్గా పాలు పోసే వేళకే కరెంటు పోవడం గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలకు కొత్త కాదు. కరెంటు వచ్చాక ఆ పూట లెక్క కనబడకపోతే "కంప్యూటరు మింగింది" అంటారు. తనిఖీలో చూడగా, తరువాత చేసిన తొందరపనుల వల్లనే ఎక్కువ నష్టం జరుగుచున్నది.

కంప్యూటరులో సభ్యుల రిజిస్టరు ఒకటి, పూటవారీ పాల రిజిస్టరు ఒకటి ఉండును. రెంటినీ కలిపేది సభ్యత్వ సంఖ్య. ఇట్లు పట్టికలుగా లెక్క ఉంచే పద్ధతిని 1970లో ఐ.బి.ఎం. శాస్త్రజ్ఞుడు కాడ్ ప్రతిపాదించాడు. కావున మానివేసిన సభ్యుని సంఖ్యను మరొకరికి ఇవ్వరాదు. ఇచ్చినచో పాతవారి పాలు కొత్తవారి ఖాతాలో కనబడును.

వేరే పెద్ద కంప్యూటరు అక్కరలేకుండా లెక్కంతా ఒకే ఫైలులో ఉంచే డేటాబేసులు ఉన్నవి. 2000లో వెలువడిన ఎస్‌క్యూలైట్ అటువంటిదే. మీ స్మార్ట్‌ఫోనులో కూడ ఉన్నది. వ్రాసేటప్పుడు దాని పక్కన అదే పేరుతో, చివర 'జర్నల్' లేక 'వాల్' అని మరొక ఫైలు పుట్టును. అది చిత్తు పుస్తకం వంటిది. కరెంటు పోయాక ప్రోగ్రాము మరల తెరిస్తే, దానిని చూచియే సగంలో ఆగిన పద్దును తీసివేసి, పూర్తయిన వాటిని నిలుపును. ఒక కేంద్రంలో దానిని చెత్త అనుకొని చెరిపివేశారు. ఆ పూట పోసినవారి చీటీలన్నీ తెప్పించి మళ్ళీ ఎక్కించవలసి వచ్చింది. చీటీ పారవేసిన వారికి ఆధారమే లేకపోయె.

'లాక్డ్' అని వస్తే అదే ఫైలు మరొకచోట తెరిచి ఉన్నదని అర్థం, దానిని మూయవలెను. 'మాల్‌ఫార్మ్‌డ్' అని వస్తే మాత్రం ఒక్క పద్దు కూడ ఎక్కించక, కాగితం మీద వ్రాసుకొనవలెను. ప్రోగ్రాము మూసి, పక్క ఫైలుతో సహా నకలు తీసి, బాగుచేసేవారిని ఆ నకలు మీదనే పని చేయమనవలెను. 'ఇంటిగ్రిటీ చెక్' అను పరీక్షకు 'ఓకే' అని జవాబు రావలెను. అయితే అది ఫైలు చెడలేదని మాత్రమే చెప్పును. మీ వెన్న 6.2కు బదులు 5.2 అని ఎక్కినదా అనేది చీటీ చూచుకొన్న సభ్యుడే పట్టవలెను.

రోజూ సాయంత్రం ప్రోగ్రాము మూసిన తరువాతనే పెన్‌డ్రైవులోకి నకలు తీయవలెను. తెరిచి ఉండగా తీసినది సగం పాత, సగం కొత్త కావచ్చును. నెలకొకసారి ఆ నకలును వేరే కంప్యూటరులో తెరచి, ఎవరిదైనా ఒక పక్షం బిల్లుతో సరిచూడవలెను. ఈ పని ఎవరిదో పేరు వ్రాసి తీర్మానం చేయమని వచ్చే సమావేశంలో మీ పాలకవర్గాన్ని అడగండి.