ఓటు ఏ ఊరిది? – అపోహలు, వాస్తవములు

దేన్కనికోట దాటి దక్షిణపు కొండలలోనికి సాగు దారిమీద నున్న అంచెట్టి, ఇంటిలో తెలుగును, బడిలో తమిళమును, పనికి పోయినచోట కన్నడమును మాటలాడు జనులు గల ఊరు. ధర్మపురి జిల్లా 1965లో సేలము నుండియు, కృష్ణగిరి జిల్లా 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి నుండియు విడివడినవి. జిల్లాల పేర్లు ఇట్లు మారుచుండినను, కుప్పము వైపునుండి కోడలిని తెచ్చుకొనుటయు, కనకపుర వైపునకు కూతునిచ్చుటయు, కొడుకును బెంగుళూరు కట్టడపు పనులకు పంపుటయు ఆ ప్రాంతపు కుటుంబములకు మారని వాడుక. మూడు రాష్ట్రములలో చుట్టరికములు గల అట్టి ఇంటికి ఎన్నికలు వచ్చినప్పుడెల్ల ఒక ధర్మసందేహము తప్పదు: మనవాని ఓటు ఏ ఊరిది? శాసనసభకు తళి, లోకసభకు కృష్ణగిరి అను నియోజకవర్గముల పేర్లు అందరికిని తెలిసినవే. కాని ఆ నియోజకవర్గముల ఓటర్ల జాబితాలో ఎవరి పేరుండవచ్చును, ఎవరి పేరుండరాదు అను ప్రశ్నకు మాత్రము చట్టము చెప్పు సమాధానమొకటి, టీకొట్టు ముందర వినబడు సమాధానము మరియొకటి.

చట్టము చెప్పునది నిజమునకు మిక్కిలి సంక్షిప్తము. రాజ్యాంగములోని 326వ అధికరణమును, 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టములోని 19వ సెక్షనును కలిపి చదివినచో అడుగు ప్రశ్నలు మూడే: భారత పౌరుడవా, పదునెనిమిదేండ్లు నిండినవా, ఈ నియోజకవర్గములో సాధారణముగా నివసించుచున్నావా? ఆస్తియున్నదా, పన్ను కట్టితివా, చదువు వచ్చునా అని అది అడుగదు. అట్లడిగిన కాలమొకటి లేకపోలేదు. 1935 నాటి భారతప్రభుత్వ చట్టము క్రింద ఆస్తియో, పన్నో, విద్యయో చూపినవారికే ఓటు గలిగెను. కూలివాడును, భూమిలేని రైతును ఆ లెక్కలో మనుష్యులే కారు. ఇంటిపట్టా లేనివానికి ఓటు లేదను మాట నేటికిని వినబడుచున్నదనిన, అది ఆనాటి చట్టపు నీడ జనుల మనస్సులలో ఇంకను తొలగలేదనుటకు నిదర్శనమని నాకు తోచుచున్నది. తమిళనాట తెలుగు మాటలాడువాడు తెలుగురాష్ట్రములోనే ఓటు వేసికొనవలెనను మాట ఇంకను విడ్డూరము. నియోజకవర్గమునకు ఒకే సాధారణ జాబితా యుండవలెననియు, మతము, జాతి, కులము, లింగము అను కారణములచే ఎవనిని దానినుండి తప్పింపరాదనియు 325వ అధికరణము శాసించుచున్నది. మాతృభాషను గూర్చిన ప్రశ్న అర్హతలలో లేనేలేదు.

ఇక అసలు చిక్కంతయు మూడవ ప్రశ్నయందే యున్నది. "బెంగుళూరికి పోయి ఆర్నెల్లయితే ఈడ పేరు కొట్టేస్తారంటనా" అను మాట ఈ ప్రాంతమున వినని వారుండరు. ఆరునెలల లెక్క ఎక్కడనుండి పుట్టినదని విచారించితిని. అది కేవలము కల్పితము కాదు. 1950లో మొదట చేసిన చట్టములో, నిర్ణీతకాలమున కనీసము 180 దినములు ఆ నియోజకవర్గమున నివసించి యుండవలెనను నియమముండెను. తరువాతి సవరణలలో ఆ నియమము తొలగినది; చట్టమునుండి తొలగినది జనుల నోటినుండి మాత్రము తొలగలేదు. నేడు ఇన్నిదినములు అను లెక్క చట్టములో ఎచ్చటను లేదు. పైగా 20వ సెక్షను, తాత్కాలికముగా ఊరు విడిచినంతమాత్రమున ఆ ఊరి సాధారణ నివాసమును కోల్పోయినట్లు కాదని స్పష్టముగా చెప్పుచున్నది. కావున భార్యాబిడ్డలు అంచెట్టిలో నుండగా, తాను బెంగుళూరులో తాపీపని చేయుచు, పనిలేని దినములందును పండుగలకును ఇల్లు చేరువాని పేరు అంచెట్టి జాబితాలో నుండుటకు అడ్డేమియు లేదు.

అయితే ఇదే సెక్షనునకు రెండవ అంచు కూడ గలదు. దానిని మనవారు వినుటకు అంతగా ఇష్టపడరు. ఒకచోట ఇల్లు సొంతమైనంతమాత్రమున అచ్చట సాధారణ నివాసియైనట్లు కాదని ఆ సెక్షను మొదటనే చెప్పుచున్నది. కుటుంబముతో హోసూరులో స్థిరపడి, పిల్లలను అచ్చటి బడిలో చేర్చి, తాతలనాటి మిద్దెయింటికి తాళము వేసి సంవత్సరమున కొకసారి జాతరకు మాత్రమే వచ్చువాడు "ఇల్లు నాదే గదా, ఓటూ ఈడే" యనుట చట్టసమ్మతము కాదు. పుట్టినఊరిపై మమకారము గొప్పదే, దానిని కాదనువారెవ్వరు? కాని ఓటు మమకారమును బట్టి కాక మనుగడను బట్టి వచ్చును. నిలువనీడ లేనివానికిని ఓటు గలదనుట ఈ సూత్రమునకే మరియొక ముఖము: ఇల్లు లేక రచ్చకట్టపైనో, దుకాణపు అరుగుపైనో నిదురించువాడు తాను చెప్పినచోటనే నిజముగా రాత్రులు గడుపుచున్నాడా అని బూత్ స్థాయి అధికారి రాత్రివేళ ఒకటికి రెండుమారులు పోయి చూడవలెను, అది నిజమైనచో వేరు నివాసపత్రము అడుగనక్కరలేదు. ఇల్లున్నవానికి ఓటు లేకపోవచ్చును, ఇల్లులేనివానికి ఓటుండవచ్చును. ఇది తెలిసిననాడు సగము అపోహలు తీరును. బయటి ఊరి హాస్టలులో చదువుకొను విద్యార్థికి మాత్రము, అర్హత యున్నచో, హాస్టలున్న ఊరనో తలిదండ్రులున్న ఊరనో తాను కోరినచోట నమోదు చేసికొను సౌకర్యము గలదు, రెంటను కాదు.

ఈ "రెంటను కాదు" అను మాటయొద్ద కొంతసేపు నిలువవలసి యున్నది. ఏలయన సరిహద్దు ప్రాంతమున మిక్కిలి ప్రమాదకరమైన అపోహ ఇదియే. 2024 లోకసభ ఎన్నికలలో తమిళనాడు అంతటను ఏప్రిలు 19న పోలింగు జరిగెను. బెంగుళూరులో ఏప్రిలు 26న. కుప్పమున్న ఆంధ్రప్రదేశములో మే 13న. తేదీలు వేరైనందున ఎక్కడి ఓటు అక్కడ వేయవచ్చునని, రెండు కార్డులున్నవాడు తెలివిగలవాడని కొందరి నమ్మకము. చట్టము పోలింగు తేదీలను చూడదు. ఒకనిపేరు ఒకటికి మించిన నియోజకవర్గములలో ఉండరాదని 17వ సెక్షనును, ఒకే నియోజకవర్గములో రెండుమారులు ఉండరాదని 18వ సెక్షనును చెప్పుచున్నవి. ఇది దేశమంతటికి వర్తించును గాని రాష్ట్రమునకొక లెక్క లేదు. నమోదుకై వ్రాసియిచ్చు ప్రకటనలో తెలిసి అబద్ధము చెప్పినచో, 31వ సెక్షను క్రింద ఒక సంవత్సరము వరకు ఖైదు గాని, జరిమానా గాని, రెండును గాని పడవచ్చును. రెండుకార్డుల తెలివి అంతవరకు పోవును.

కుప్పము వైపునుండి వచ్చిన కోడలి సంగతియును ఇదే. పెండ్లియైనంతనే పుట్టింటి జాబితాలోని ఆమె పేరు తనంతట తానే నడచి వచ్చి అత్తింటి జాబితాలో చేరదు; అట్లని పాతపేరును విడిచిపెట్టి క్రొత్తగా మరల నమోదు చేయించుకొనుటయు తప్పే. నివాసము మారినవారు ఫారం 8 ఈయవలెను. రాష్ట్రము మారినను అదే ఫారము. క్రొత్తగా చేరువారికి ఫారం 6, పేరు తొలగింపునకు ఫారం 7. విదేశమున నుండి ఆ దేశపు పౌరసత్వము స్వీకరింపని భారతీయునకు ఫారం 6ఎ. అతని ఓటు పాస్‌పోర్టులోని స్వదేశపు చిరునామా ఉన్నచోట నుండును. వీనికి రుసుము లేదు.

స్త్రీల పేర్ల ప్రస్తావన వచ్చినది గనుక ఒక పాతసంగతి చెప్పక ముందుకు పోలేను. 1951–52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలకు జాబితాలు వ్రాయునపుడు, ఉత్తరాది రాష్ట్రములలో లక్షలకొలది స్త్రీలు తమ పేరు పరపురుషునికి చెప్పుటకు సమ్మతింపక, ఫలానావాని భార్య, ఫలానావాని తల్లి అని మాత్రమే వ్రాయించిరి. అట్టి నమోదు చెల్లదని తొలి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ నిశ్చయించుటచే, సుమారు 28 లక్షల స్త్రీల పేర్లు ఆ జాబితాలనుండి తొలగిపోయెను. కఠినమైన నిర్ణయమే, కాని ఓటు ఇంటికి గాక మనిషికి చెందునని ఆనాడు అంత గట్టిగా చెప్పకున్నచో, ఇంటిపెద్ద చెప్పినదే ఇంటిల్లిపాది ఓటు అను ఆచారము ఇంకెంత పాతుకొనెడిదో!

"జనవరి దాటిపోయింది, ఇంక వచ్చే ఏడే" యని పిల్లలను వెనుకకు పంపు పెద్దలున్నారు. ఇదియును ఒకప్పటి నిజమే. 1989 మార్చి వరకు వయోపరిమితి 21 ఏండ్లు. 61వ రాజ్యాంగ సవరణ దానిని 18 చేసెను. అర్హతకు లెక్కించు తేదీ మాత్రము చిరకాలము జనవరి 1 ఒక్కటియే యుండెను. 2021 నాటి సవరణచట్టము దానిని నాలుగు చేయగా, 2022 ఆగస్టు 1 నుండి జనవరి, ఏప్రిలు, జులై, అక్టోబరు నెలల మొదటితేదీలు నాలుగును లెక్కకు వచ్చుచున్నవి. పదునేడేండ్లు దాటినవారు ముందుగానే దరఖాస్తు పెట్టుకొనవచ్చును.

మతి చలించినదని ఇరుగుపొరుగు అనుకొన్నంతమాత్రమున ఎవని ఓటును పోదు. అట్లని తగిన న్యాయస్థానము ప్రకటించి యుండవలెను. అప్పుల పాలగుట ఓటరునకు అనర్హత కాదు. జైలులో నున్నవాడు, ముందుజాగ్రత్త నిర్బంధమున నున్నవాడు తప్ప, ఓటు వేయజాలడు; అంతమాత్రమున ఓటరు కాకపోడు.

ఇక కార్డు మహిమ. ఫొటో గుర్తింపుకార్డు 1993లో టి.ఎన్. శేషన్ కాలమున వచ్చినది మొదలు, కార్డే ఓటు అను భావన బలపడినది. కార్డు నీవెవరవో చెప్పును. నీకు ఓటున్నదో లేదో జాబితా చెప్పును. జాబితాలో పేరుండి కార్డు పోయినవాడు ఆధారు, ఉపాధిహామీ పనికార్డు, ఫొటో గల బ్యాంకు పాసుపుస్తకము వంటి వేరు గుర్తింపుపత్రముతో ఓటు వేయవచ్చును. కార్డుండి జాబితాలో పేరు లేనివాడు వేయలేడు. ప్రతి ఎన్నికకును సెల్‌ఫోనులలో ఒక సందేశము తిరుగును: పేరు లేకున్నను ఆధారు చూపి "ఛాలెంజి ఓటు" అడుగవచ్చునని. ఇది పచ్చి అబద్ధము. ఛాలెంజి అనునది వచ్చిన ఓటరు నిజమైన మనిషి కాడని ఏజెంటు రెండు రూపాయలు కట్టి చేయు ఆక్షేపణ. నీపేర ఇంతకుమున్నే మరియొకడు వేసిపోయినచో, నీవెవరవో రుజువైన పిదప నీకిచ్చునది టెండరు ఓటు. దానికిని జాబితాలో పేరు కావలసినదే.

ఆధారును గూర్చి రెండు వైపులను పొరపాట్లున్నవి. తగిన కారణముచే ఆ సంఖ్యను ఈయజాలనివాని దరఖాస్తును ఆ ఒక్క కారణముతో త్రోసివేయరాదు. అట్లే ఆధారున్నంతమాత్రమున పౌరసత్వము రుజువైనట్లును కాదు. 2025 నవంబరు 4న తమిళనాట ఓటర్ల జాబితాల ప్రత్యేక ముమ్మర సవరణకై ఇంటింటి గణన మొదలై, రెండు దశాబ్దుల నాటి జాబితాలలో తమ పేరో తలిదండ్రుల పేరో వెదకుకొనవలసి వచ్చినప్పుడు, పుట్టిల్లు ఒక రాష్ట్రమును మెట్టిల్లు ఒక రాష్ట్రమునైన స్త్రీలకు ఆధారునకును పౌరసత్వపు రుజువునకును గల తేడా బాగుగా తెలిసివచ్చియుండును.

ఎవరో ఫారం 7 పెట్టినంతనే పేరు పోవునను భయము వలదు. మరణించినవారి మాట వేరు. ఇక్కడ నివసించుటలేదని గాని, అర్హత లేదని గాని పేరు తీయదలచినచో, నమోదు అధికారి ముందుగా ఆ మనిషికి తన మాట చెప్పుకొను అవకాశమీయవలెను. 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసున సుప్రీంకోర్టు ఈ సంగతినే నొక్కి చెప్పెను. అధికారి నిర్ణయము నచ్చకున్నచో పదునైదు దినములలో జిల్లా మేజిస్ట్రేటునకును, అచ్చటను కాకున్న ముప్పది దినములలో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికిని అప్పీలు చేసికొనవచ్చును.

సందేహమున్నవారు 1950 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. బూత్ స్థాయి అధికారిని అడిగి జాబితాలో తమ పేరును, ఊరు మారినవారు తమ పాతపేరును కూడ, చూచుకొనవచ్చును. ఇది తీరికయున్నపుడే చేయదగిన పని. నామినేషనుల తుదిదినము దాటినపిదప ఎన్నిక ముగియువరకు ఆ జాబితాలో ఒక్క పేరును చేర్చుటకు గాని, దిద్దుటకు గాని, తీసివేయుటకు గాని చట్టము ఒప్పదు.