కొండెక్కితే సముద్రం పెద్దదవుతుందా?

ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకు వెళ్లే మరబోటు, విశాఖ ఒడ్డున నిలబడి చూసేవారికి చిత్రంగా మాయమవుతుంది. ముందు అడుగుభాగం, తర్వాత పైనున్న గది, చివరికి జెండా కట్టిన కర్ర. అదే సమయంలో దగ్గర్లోని కైలాసగిరి కొండ మెట్లెక్కినవారికి ఆ బోటు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది!

గుమ్మడికాయ మీద పాకే చీమకు ముందున్న కాస్త మేరే కనిపిస్తుంది. ఆపైన కాయ వంపు తిరిగిపోతుంది. చీమను ఒక పుల్ల చివరికి ఎక్కిస్తే మాత్రం వంపు అవతలి భాగమూ కంటికి అందుతుంది. భూమీ గుండ్రనిదే. బల్లపరుపుగా అనిపించే సముద్రం నిజానికి వంగి ఉంటుంది. బోటును దాచేది ఆ వంపే. చీమకు పుల్ల ఎలాగో, మనిషికి కొండ అలాగ.

ఇసుకలో నిలబడ్డ పిల్లల కళ్లు 1.2 మీటర్ల ఎత్తులో ఉంటే, నింగీ నీరూ కలిసే గీత సుమారు 4 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 30 మీటర్లు ఎక్కితే అది దాదాపు 20 కిలోమీటర్లకు, 100 మీటర్లకు చేరితే 36 కిలోమీటర్లకు జరుగుతుంది. దాన్ని ఇంకా రెట్టింపు చేయాలంటే 400 మీటర్లు ఎక్కాలి. పిక్కలు లాగే ఆ తొలి మెట్ల దగ్గరే లాభం ఎక్కువన్నమాట.

కైలాసగిరి పైన చెట్ల కొమ్మలు అడ్డు తొలగినచోట దక్షిణానికి తిరిగితే తీరం కొడవలిలా వంగి, డాల్ఫిన్ నోస్ కొండ దగ్గర ఆగుతుంది. లైట్‌హౌస్‌ను ఆ కొండ మీద కట్టిందీ ఇందుకే: ఎత్తున వెలిగే దీపం దూరపు బోట్లకూ కనబడుతుంది.