తేనెటీగ రెక్కకు సర్కారు సొమ్ము

ఓ నాలుగు బియ్యపు గింజలు అరచేతిలో వేసుకుని చూడండి. రమారమి అంతే బరువున్న ఒక యంత్రం 2012 వేసవిలో ఒక అర్ధరాత్రి, అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీ ల్యాబులో గాల్లోకి లేచి నిలిచింది. పేరు రోబోబీ. బరువు 80 మిల్లీగ్రాములు. రెక్కలు సెకనుకు 120 సార్లు కొట్టుకుంటాయి. బ్యాటరీని మోసే శక్తి లేక, కరెంటు కోసం వెంట్రుకంత తీగను తోకలా వేలాడేసుకుని ఎగిరింది.

ఇంత చిన్నదానికి మామూలు మోటారు పెట్టలేరు, మరలు బిగించలేరు. పిల్లల పుస్తకాల్లో పేజీ తిప్పగానే బొమ్మ లేచి నిలబడుతుంది చూశారా, ఆ కిటుకు పట్టుకున్నారు వాళ్లు. కార్బన్ ఫైబర్, ప్లాస్టిక్ పొరల్ని లేజర్‌తో కోసి, ఒకదాని మీద ఒకటి అతికించి, మడత విప్పితే ఈగ ఆకారం లేచి వస్తుంది. కరెంటు తగిలితే వంగే పింగాణీ పట్టీలు కండరాల పని చేస్తాయి.

శరీరం తయారైతే సరిపోదు. ఆ ఒంట్లో ఇమిడే మెదడు కావాలి, అంటే అతి తక్కువ కరెంటుతో నడిచే చిప్. ఒక్క ఈగతో ఏ పనీ కాదు కాబట్టి, వందల ఈగలు ఒక పట్టులా కలిసి పనిచేసే తెలివి కూడా కావాలి. శరీరం రాబర్ట్ వుడ్ బృందం చూసుకుంది, మెదడు గు-యాన్ వే బృందం, పట్టు రాధికా నాగపాల్ బృందం. పూలకు పరాగసంపర్కం చేయించాలని, భూకంప శిథిలాల్లో మనుషుల్ని వెతికించాలని వాళ్ల ఆశ.

ఇలాంటి పనికి డబ్బెవరిస్తారు? కంపెనీని అడిగితే లాభం ఎప్పుడొస్తుందని అడుగుతుంది. అది దాని ధర్మం, తప్పు పట్టలేం. ఆ ప్రశ్నకు నిజాయితీగా తేదీ చెప్పగలిగిన శాస్త్రవేత్త లేడు. అందుకే ఈ సొమ్ము ప్రజల ఖజానా నుంచి రావాల్సి వచ్చింది.

అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ అనే ప్రభుత్వ సంస్థ కంప్యూటర్ పరిశోధనకు ఏళ్లుగా డబ్బిస్తోంది. మామూలు గ్రాంటు చిన్నది: ఒక ప్రొఫెసరు, ఒకరిద్దరు విద్యార్థులు, మూడేళ్లు. ఆ కొలతలో పట్టే ప్రశ్నలే జనం వేసుకుంటారు. ఇల్లు చిన్నదైతే సామానూ చిన్నదే కొంటాం కదా. ఈ ఇరుకు పోగొట్టాలని 2008లో ‘ఎక్స్‌పెడిషన్స్ ఇన్ కంప్యూటింగ్’ అనే పథకం కింద మొదటి గ్రాంట్లు ఇచ్చారు. ఒక్కో బృందానికి ఐదేళ్లకు కోటి డాలర్ల దాకా. తర్వాత ఆ పరిమితిని ఏడేళ్లకు కోటిన్నరకు పెంచారు. రోబోబీకి 2009లో వచ్చింది ఈ గ్రాంటే.

ఈ డబ్బు నేరుగా ఎవరి జేబులోకీ పోదు. యూనివర్సిటీ ఖాతాకు వస్తుంది. ఎవరికివ్వాలో ఏ మంత్రీ తేల్చడు, ఆ రంగంలోనే పనిచేసే ఇతర శాస్త్రవేత్తలు కూర్చుని, ప్రతిపాదనలు చదివి, బృందాన్ని పిలిచి ప్రశ్నలడుగుతారు. మంజూరయ్యాక కూడా ఏటేటా లెక్క చెప్పాలి. ఇక ఖర్చంటే మనకు ఖరీదైన యంత్రాలు గుర్తొస్తాయి గానీ, సింహభాగం పోయేది మనుషులకే. పీహెచ్‌డీ విద్యార్థుల స్టైపెండ్లు, ఫీజులు, జీతాలు. సూటిగా చెప్పాలంటే, ఆ కోటి డాలర్లతో కొన్నది కొందరు పిల్లల నిశ్చింత: వచ్చే ఏడాది జీతం ఉంటుందా అన్న బెంగ లేకుండా ఒకే ప్రశ్న మీద ఐదేళ్లు కూర్చోగలగడం. మన దగ్గర ఫెలోషిప్ సొమ్ము నెలల తరబడి ఆగిపోయి, హాస్టల్ మెస్ బిల్లుకు అప్పు చేసిన స్కాలర్లకు ఆ నిశ్చింత విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

మరి ఫలితం? రోబోబీలు ఇంకా ఏ తోటలోనూ పరాగసంపర్కం చేయడం లేదు. అందుకని డబ్బు గంగలో కలిసిందనుకుంటే పొరపాటు. ఆ మడతల తయారీ పద్ధతితోనే శస్త్రచికిత్సకు వాడదగిన బుల్లి పరికరాలు చేసి చూశారు. గ్రాంటు ఎక్కడ కాస్తుందో నాటినప్పుడు తెలియదు. 2012లో ఇదే పథకం కింద బర్క్‌లీ యూనివర్సిటీలోని ఆంప్‌ల్యాబ్ అనే పరిశోధనశాలకు కోటి డాలర్లు ఇచ్చారు. అక్కడ పెరిగి, అందరికీ ఉచితంగా విడుదలైన సాఫ్ట్‌వేరే స్పార్క్. ఈ రోజు అమీర్‌పేటలో ఏ డేటా ఇంజినీరింగ్ కోచింగ్ బోర్డు చూసినా ఆ పేరుంటుంది.

సర్కారు సొమ్ము ఎక్కడ కాస్తుందో తెలియని ఈ కథను మనవారొకరు అంతకు చాలా ముందే చూశారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. 1971లో అమెరికా రక్షణ శాఖకు చెందిన ఆర్పా, కంప్యూటర్‌కు మాట అర్థమయ్యేలా చేయమని పలు బృందాలకు ఐదేళ్ల గడువుతో డబ్బిచ్చింది. వెయ్యి మాటలు గుర్తుపట్టాలన్నది లక్ష్యం. 1976కల్లా కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఆయన బృందం చేసిన ‘హార్పీ’ 1,011 మాటలు పట్టింది. అయినా ఆర్పా ఆ కార్యక్రమాన్ని అక్కడితో ఆపేసింది. హార్పీతో పేరొచ్చిన ఒక ఉపాయం మాత్రం నిలిచింది: దారులన్నీ వెతక్కుండా, మెరుగ్గా కనిపించే కొన్నిటినే వెంటబెట్టుకుని ముందుకెళ్లడం. మాటను గుర్తించే, అనువాదం చేసే యంత్రాలు దాన్ని ఇప్పటికీ వాడుతున్నాయి. రాజ్ రెడ్డికి 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

పెద్ద గ్రాంట్ల మీద ఫిర్యాదు లేకపోలేదు. ఒకరికి కోటి ఇస్తే పదిహేను, ఇరవై మంది చిన్నవాళ్లకు దారి మూసినట్టే కదా అంటారు. అందులో నిజముంది. మీటింగులకే సగం వారం పోతుందన్నదీ నిజమే. కానీ కొన్ని పనులు ముక్కలుగా చేస్తే ముక్కలుగానే మిగిలిపోతాయి. నా మనసు అందుకే ఈ గ్రాంట్ల వైపు మొగ్గుతుంది.

ఇందుకు రుజువు మన భాషలోనే ఉంది. కేంద్ర ఐటీ శాఖ సొమ్ముతో, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ ముందుండి, 11 సంస్థలు కలిసి ‘సంపర్క్’ అనే అనువాద వ్యవస్థను కట్టాయి. భారతీయ భాషల నుంచి భారతీయ భాషలకే, మధ్యలో ఇంగ్లీషు లేకుండా. ‘వచ్చినవాళ్లందరికీ’ అన్న మాట తీసుకోండి. మనకది ఒకే మాట. హిందీలో ‘జో ఆయే ఉన్ సబ్‌కో’ అని విడివిడిగా పరవాలి. అంటే ముందు కంప్యూటర్ ఆ మాటను విప్పాలి: వచ్చు, ఇన, వాళ్లు, అందరు, కి. ఎక్కడ విరగ్గొట్టాలో తెలిసింది తెలుగు వ్యాకరణం చదివినవాళ్లకు. విరగ్గొట్టే ప్రోగ్రాం రాయగలిగింది కంప్యూటర్ చదివినవాళ్లు. హిందీలో మళ్లీ ఎలా పేర్చాలో చెప్పాల్సింది హిందీ వాళ్లు. ఈ ముగ్గురూ ఒకే బల్ల దగ్గర, ఒక్కో మాట దగ్గర ఆగి వాదించుకుంటూ ఏళ్లకేళ్లు కూర్చోవాలి.